రంపం దగ్గర నేర్చిన మాటలు

ఆ ఏడు వానలు మొదలైన కొద్ది రోజులకే మా ఆవిడ మాట పడిపోయింది.

మా ఇంట్లో మాటలన్నీ ఆవిడవే. నేను కోత మిల్లులో పనివాణ్ని. పెద్ద రంపం తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని మిల్లులో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. వేళ్లు ఆడిస్తే దుంగను ముందుకు తొయ్యమని. అరచెయ్యి కిందికి అదిమినట్టు చూపిస్తే నెమ్మదిగా అని. వేలు గుండ్రంగా తిప్పితే మళ్లీ అని. పిడికిలి బిగిస్తే చాలు, కోత అయిపోయిందని. భుజం చరుచుకుంటే బరువు ఆగడం లేదు, వచ్చి రెండో చివర పట్టుకోమని. రెండు చేతులూ పైకెత్తితే మాత్రం ఇంకేమీ అడగకూడదు. రంపం ఆపెయ్యాలి. మనిషికి ముప్పు వచ్చిందని.

అలా బతికినవాణ్ని కాబట్టి ఇంటికొచ్చాక నోరు తెరవాలంటే నాకు బద్ధకం. దానివల్ల ఆవిడకు ఏ లోటూ ఉండేది కాదు. ఇద్దరి వంతూ తనే మాట్లాడేది.

"ఏవండీ, కూరలో ఉప్పు సరిపోయిందా? ఆఁ, సరిపోయింది. లేకపోతే ఆ ముఖం ఇంకోలా ఉండేది" అనేది. ప్రశ్నా తనదే, జవాబూ తనదే.

సాయంత్రం ప్రార్థన కూడా అంతే. చాప మీద ఆవిడ, మా అమ్మాయి, నేను. ఆవిడ పాట ఎత్తుకునేది, అమ్మాయి అందుకునేది. ఆవిడ ప్రార్థన చేసేది. నేను చివర్లో ఆమెన్ అనేవాణ్ని. ఆ ఒక్క మాటకే నా గొంతు బొంగురుపోయినట్టు ఉందని తల్లీకూతుళ్లు నవ్వేవాళ్లు.

మా మందిరంలో పిల్లలకు పాటలు నేర్పేది ఆవిడే. వీధిలో అందరూ పాటల టీచరమ్మ అనేవాళ్లు. ఆ ఏడు మా సంఘం కొత్త మందిరం కట్టుకుంటోంది. అప్పటిదాకా ఒక పాత షెడ్డులో కూడుకునేవాళ్లం. కొత్తదానికి బెంచీల చెక్కంతా మా మిల్లులోనే కోశాం. వానలు వెనకబట్టాక ప్రతిష్ఠ అనుకున్నారు. ప్రతిష్ఠ రోజున పిల్లలు పాడాలని ఆవిడే ఒక పాట కట్టింది. తలుపు తీసి ఉంచినావు ప్రభువా, తడిసి వచ్చినాము నీ ఇంటికి అని మొదలవుతుంది. వంట చేస్తూ కట్టింది. ఆ వారమంతా అన్నం మాడింది.

ఒక సాయంత్రం షెడ్డులో పిల్లల చేత ఆ పాట పాడిస్తూ మధ్యలో ఆగిపోయింది. తమకు చరణం గుర్తుందో లేదో పరీక్షిస్తోందనుకుని పిల్లలు నవ్వుతూ చూశారట. అప్పుడు ఆవిడ కుడిచేతిలోని తాళం వేసే కర్ర కింద పడింది. తరవాత ఆవిడ పడింది.

ఆ సమయానికి నేను రంపానికి ఇవతల ఉన్నాను, అవతల మా బావ ఉన్నాడు. మా ఆవిడకు అన్న. రంపం మోతకు సగం చెవులు పోగొట్టుకున్నవాడు, నోరు మాత్రం నిండుగా మిగిలినవాడు. ఎవరో పరిగెత్తుకొచ్చి అతన్ని బయటికి లాక్కెళ్లి ఏదో చెప్పారు. బావ లోపలికొచ్చి నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. నేను రంపం ఆపాను. ఎవరికి ముప్పు వచ్చిందా అని చుట్టూ చూశాను. బావ చేతులు దించి నన్ను చూపించాడు.

*

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. కుడి కాలు కొంచెం ఈడుస్తూ కర్ర పట్టుకుని నడవగలిగింది. కుడి చెయ్యి వేలాడేది. మాట రాలేదు. అన్నీ వినపడేవి, అన్నీ అర్థమయ్యేవి. తను చెప్పబోతే మాత్రం ఏ మాటకైనా "లా" అనే వచ్చేది. నీళ్లకూ లా. అమ్మాయి పేరుకూ లా. దేవుడికీ లా.

"వస్తుందా డాక్టరుగారూ?" అని అమ్మాయి అడిగితే, "కొందరికి వస్తుందమ్మా. మాట్లాడిస్తూ ఉండండి. వదిలెయ్యకండి" అని నా వైపు తిరిగి అన్నాడాయన.

మాట్లాడించమని నాకు చెప్పాడు. చెప్పడానికి ఇంకెవరూ దొరకనట్టు.

సంఘంలోవాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఎందుకో అందరూ ఆవిడతో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్లు. మందిరంలో ముందు వరసలో కూర్చునే పెద్దమ్మ ఒకావిడ మంచం మీదికి వంగి, "వందనాలమ్మా! నొప్పిగా! ఉందా!" అని కేకేసింది.

మా బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "పెద్దమ్మా, ఈ ఇంట్లో చెవిటివాణ్ని నేను. అరవాలనుంటే ఇటు తిరిగి అరువు. పుణ్యం ఉంటుంది" అన్నాడు.

అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మా ఆవిడ పెదవి కూడా ఓ పక్కకు కదిలింది. అంతలో పెద్దమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో తన పక్కామెతో మెల్లగా అంది. "ఏం పాపం అడ్డొచ్చిందో. దేవుడు సరిగ్గా నోరే పట్టుకున్నాడు చూడు."

అరిచి చెప్పిన మాటలన్నీ వృథాగా పోయాయి. ఈ మెల్లగా అన్నది మాత్రం మంచం దాకా వచ్చింది. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం చాప పరిచినా ఆవిడ మంచం దిగలేదు. అమ్మాయే పాట ఎత్తుకుంది. రెండో వరస దాటలేకపోయింది. బట్టలు కుట్టే షాపులో రోజంతా కూర్చుని వచ్చిన పిల్ల, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమెన్ అనడానికి కూర్చున్నాను. ముందు ప్రార్థన లేకపోతే ఆమెన్ దేనికని అంటాను? చాప చుట్టి గోడకు ఆనించాను.

*

సైగలు ఎలా మొదలయ్యాయో చెప్తాను.

ఒక పొద్దున్న బాగా వాన. ఆవిడకు ఏదో కావాలి. లా, లా అంటోంది. నీళ్లు తెచ్చాను. కాదు. దుప్పటి తెచ్చాను. కాదు. దువ్వెన తెచ్చాను. దాన్ని విసిరికొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆవిడకు. నాకు పనిలో ఉన్నట్టే అయింది. అవతలివాడు చెప్పేది అర్థం కాకపోతే మిల్లులో ఏం చేస్తామో అదే చేశాను. అరచెయ్యి తిరగేసి చూపించాను. ఎటు, అని.

ఆవిడ నా చెయ్యి వంక చూసింది. పెళ్లయిన కొత్తలో రోజూ మిల్లుకు అన్నం క్యారేజీ తెచ్చేది. నేను తినేదాకా రంపపు పొట్టు కుప్ప మీద కూర్చుని మా చేతులు చూస్తూ ఉండేది. ఇప్పుడు ఎడమ చెయ్యి ఎత్తి, మిల్లులో దుంగను వెనక్కి లాగమన్నట్టే లాగి చూపించింది. వెనక్కి!

మంచం వెనక్కి లాగాను. అప్పుడు చూశాను, కప్పు రేకులో సందు పడి వాన చుక్కలు సరిగ్గా ఆవిడ మెడ మీద పడుతున్నాయి. నేను ఎంత తెలివిగలవాణ్నంటే, తడుస్తున్న మనిషికి ముందు నీళ్లు తెచ్చి ఇచ్చాను.

ఆవిడ పిడికిలి బిగించింది. చాలు. అక్కడ ఆపు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మిల్లు భాషే. అమ్మాయి రెండు రోజుల్లో నేర్చేసుకుంది. బావ సాయంత్రాలు వచ్చి పాఠం చెప్పేవాడు.

"అసలు చిక్కేంటంటే చెల్లీ, మన మిల్లులో పుచ్చిపోయిన దుంగకు సైగ ఉంది గానీ కాఫీకి లేదు."

ఆవిడ బొటనవేలు పెదవికి ఆనించి పైకెత్తింది.

"అది సారాకు సైగ. మర్యాదగల ఇల్లు ఇది."

ఆవిడ చేతికందిన దిండు విసిరింది. ఎడమ చేత్తో కాబట్టి నాకు తగిలింది.

ఇంట్లో పరవాలేదు. గడప దాటమంటేనే ఒప్పుకునేది కాదు. ఆదివారం వస్తే అమ్మాయి చీర తీసి మంచం మీద పెట్టేది. ఆవిడ దాన్ని మడతపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేది. ఒంటి చేత్తో మడతపెట్టడానికి చాలాసేపు పట్టేది. అయినా పెట్టేది.

అప్పుడు పాస్టరుగారు వచ్చారు. కుర్రతనం పోని మనిషి, మా సంఘానికి కొత్త. మంచివాడు. కుర్చీ అంచు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, చెప్పలేక చెప్పాడు.

"అమ్మగారూ, మీరు బాగా విశ్రాంతి తీసుకోవాలి. ప్రతిష్ఠ గురించి ఏమీ బెంగ పెట్టుకోకండి. పిల్లల పాట ఈసారి తీసేద్దామనుకున్నాం. పెద్దవాళ్లే రెండు పాటలు పాడతారు. మీకు భారం ఉండకూడదని."

ఆవిడ తలూపింది. ఆయన ప్రార్థన చేసి వెళ్లాడు. గొడుగు గుమ్మం దాటాక ఆవిడ నా వంక తిరిగి పిడికిలి బిగించి చూపించింది.

మంచం గురించి కాదు. కాఫీ గురించి కాదు. దుంగ చివరికంటా కోసేశాక చూపించే పిడికిలి అది. ఇంక కొయ్యడానికి ఏమీ లేదు, చెక్కలు తీసుకుపొండి అని. అలా చూపించి గోడ వైపు తిరిగింది.

*

ఆ సాయంత్రం నేను చాప పరిచాను. అమ్మాయి ఇంకా షాపు నుంచి రాలేదు. కప్పు మీద వాన దంచుతోంది. చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా" అన్నాను.

తరవాత ఏమనాలో తెలియలేదు. ఆవిడయితే అక్కణ్నుంచి అల్లుకుపోయేది. నాకొచ్చిన మాటలు వేరు. కళ్లు మూసుకునే భుజం చరుచుకున్నాను. కాసేపాగి మళ్లీ చరుచుకున్నాను. మిల్లులో అయితే ఎంత పనిలో ఉన్నా ఎవరో ఒకరు వస్తారు. రాని రోజు నాకు తెలియదు.

"వాడకుండా పడి ఉన్న నోరు నాదొకటుంది కదయ్యా" అన్నాను. "కావలిస్తే అది తీసుకో. ఆవిడది ఆవిడకిచ్చెయ్."

మంచం కిర్రుమంది. కళ్లు తెరిచాను. ఆవిడ ఇటు తిరిగి లేచి కూర్చుంది. చెయ్యి అడ్డంగా ఊపింది. వద్దు, అని. నా నోటి వైపు చూపించింది. వేళ్లు ఆడించింది. ముందుకు తొయ్యి, అని.

"ఏం తొయ్యను?" అన్నాను.

మళ్లీ వేళ్లు ఆడించింది, ఈసారి కొంచెం కోపంగా.

కళ్లు మూసుకున్నాను. "అమ్మాయిని తడవకుండా ఇంటికి చేర్చు" అన్నాను. ఒక కన్ను తెరిచి చూశాను. ఆవిడ వేలు గుండ్రంగా తిప్పింది. "బావ చెవుల సంగతి చూడు. నోటి సంగతి కూడా చూడు." వేలు తిరుగుతూనే ఉంది. "మిల్లు యజమానికి దగ్గు తగ్గించు. పక్కింటివాళ్ల చంటిదానికి పాలు పట్టేలా చెయ్యి. ఆ పెద్దమ్మ... ఆ పెద్దమ్మను కూడా చల్లగా చూడు." అక్కడ కొంచెం ఆగాను. ఆవిడ కూడా కొంచెం ఆగి వేలు తిప్పింది. "ఆ పాస్టరు కుర్రాడికి ధైర్యం ఇవ్వు."

"నాన్నా?"

అమ్మాయి గుమ్మంలో ఉంది. కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. నా మొదటి మనవి దేవుడు వినలేదన్నమాట.

"నాన్నా, నువ్వేనా మాట్లాడుతున్నది? వీధిలోంచి విని ఎవరో వచ్చారనుకున్నా."

ఆవిడ నాకు పిడికిలి చూపించింది. చాలు. అప్పుడు నవ్వింది. మా ఇంట్లో ఆ తరవాత ఆమెన్‌కు సైగ అదే అయింది.

ఆ ఆదివారం చీర పెట్టెలోకి వెళ్లలేదు.

*

వస్తాను గానీ వెనక వరసలోనే కూర్చుంటానంది చేత్తో. వెనక వరస మా మిల్లువాళ్లది. ఎంత స్నానం చేసినా మా జుట్టులో పొట్టు రాలుతూ ఉంటుందని మేమే వెనక కూర్చుంటాం. ఆవిడను బావ పక్కన కూర్చోబెట్టాం. పిల్లలు తిరిగి తిరిగి చూశారు. ఆవిడ తల వంచుకుంది.

పాస్టరుగారికి మా వరసతో ఎప్పుడూ ఒక గొడవ. స్తుతి వేళ అందరూ చేతులెత్తుతారు, మేం ఎత్తం. రెండు చేతులూ ఎత్తడం అనేది మా ఒంటికి రాదు. పాటలో ఎవరైనా ఎత్తితే మా గుండె ఝల్లుమంటుంది, కష్టపడి కూర్చుంటాం. ఎందుకో ఆయనకు మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. విశ్వాసం చల్లబడిందనుకున్నాడు.

"వెనక వరస అన్నలూ" అన్నాడు ఆ రోజు. "చేతులు మిల్లులోనే పెట్టేసి వచ్చారా? ఎత్తండి. దేవుడు చేసిన మేలు ఒక్కటీ గుర్తు రావడం లేదా?"

మేం నేల చూపులు చూశాం. బావ అప్పటికే ప్రసంగం సగంలో నిద్రలోకి జారుకున్నాడు.

మా ఆవిడ కదిలింది. కర్ర గోడకు ఆనించి లేచి నిలబడింది. ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి తీసింది. భుజం దాటించింది. తల దాటించింది. రెండు చేతులూ నిటారుగా పైకి. ముఖం కందిపోయింది, అయినా దించలేదు.

సరిగ్గా అప్పుడే బావకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచేసరికి పక్కన రెండు చేతులు గాల్లో ఉన్నాయి.

"ఆపండి!" అని గావుకేక పెట్టాడు. "రంపం ఆపండి! మనిషి! మనిషి!"

వరసంతా ఒక్కసారి లేచింది. నేను కూడా లేచాను. పక్కవాడు స్విచ్చి కోసం గోడ తడిమాడు, పంకాలన్నీ ఆగిపోయాయి. పాస్టరుగారు పుస్తకం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. షెడ్డులో చీమ చిటుక్కుమనలేదు.

ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ నవ్వింది. పెదవితో కాదు, గొంతుతో. వానల మొదట్లో పోయిన గొంతు. అదే గొంతు, అదే నవ్వు, గలగలమని షెడ్డంతా నిండింది. చేతులు ఇంకా దించలేదు, నవ్వుతూనే ఉంది. పిల్లలు ముందు వరసల్లోంచి లేచి, బెంచీల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి ఆవిడ నడుముకు చుట్టుకుపోయారు.

"ఏమైంది? రంపం ఏది?" అంటున్నాడు బావ.

బయటికొచ్చాక పాస్టరుగారికి బావే విడమరిచి చెప్పాడు. ఆయన చేతిలోని పుస్తకం మూసేశాడు.

"అంటే ఇన్నాళ్లూ నేను మిమ్మల్ని..."

"అవునండీ. ప్రతి ఆదివారం రంపం ఆపమంటున్నారు మీరు. ఎవరికి ముప్పో తెలియక చస్తున్నాం మేము."

*

ఆ మర్నాటి సాయంత్రం నుంచి పిల్లలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు. తడిసిన కోడిపిల్లల్లా ముందు గదిలో నిలబడ్డారు. ముందు పళ్లూడిన ఒక పిల్ల వాళ్లకు పెద్ద.

"టీచరమ్మా, మమ్మల్ని పాడొద్దన్నారంట. మాకు పాట వచ్చు కదా. ఎందుకు వద్దు?"

ఆవిడ తన నోటిని చూపించి చెయ్యి తిప్పేసింది.

"మీరు పాడొద్దులెండి. మేం పాడతాం. మీరు చూడండి" అంది ఆ పిల్ల.

పాడారు. నిజం చెప్పాలంటే ఘోరంగా ఉంది. ఒకడు ముందు పరిగెడుతున్నాడు, ఒకతి వెనక ఈడుస్తోంది. పైగా రేకుల మీద వాన, ఎవరి గొంతు వాళ్లకే వినపడదు. మిల్లులో ఉన్నట్టే ఉంది.

ఆవిడ మంచం మీద కూర్చుని వింది. కాళ్లు కింద పెట్టింది. ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి కిందికి. నెమ్మది. పళ్లూడిన పిల్లకు అర్థం కాలేదు. నేను గోడ దగ్గర్నుంచి, "నెమ్మదిగా పాడమంటోంది" అన్నాను. వేళ్లు ఆడించింది. "అందుకోమంటోంది." అరచెయ్యి వెల్లకిలా పైకెత్తింది. "గొంతు లేపమంటోంది." వేలు తిప్పింది.

"మళ్లీ!" అని పిల్లలే అరిచారు.

మిల్లు భాష నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. వాళ్లకు ఒక్క సాయంత్రం పట్టింది. తరవాత్తరవాత బళ్లో కూడా అలాగే మాట్లాడుకుని పంతులమ్మ చేత తన్నులు తిన్నారు.

పాట ఎత్తుకోవడం ఒక్కటే చిక్కయింది. ఎవరి ఇష్టం వచ్చిన శ్రుతిలో వాళ్లు మొదలుపెడుతున్నారు. ఆవిడ నా వంక చూసింది.

"వద్దు" అన్నాను.

వేళ్లు ఆడించింది.

"నా గొంతు రంపం కన్నా ఘోరం."

వేళ్లు ఆగలేదు. నేను "తలుపు తీసి ఉంచినావు" అని ఎత్తుకున్నాను. పిల్లలు నేల మీద పడి దొర్లారు. ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వి, తల అడ్డంగా ఊపి, తనే నోరు తెరిచింది.

"లా" అంది.

మాట కాదు. కానీ సరిగ్గా అక్కడ ఉండాల్సిన శ్రుతి అది. నిటారుగా, గీత గీసినట్టు వచ్చింది. అమ్మాయి వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చి నిలబడింది. "లా" అంది ఆవిడ మళ్లీ, వేళ్లు ఆడించింది. పిల్లలు దాని మీదికి ఎక్కేశారు.

వారం తిరక్కముందే పాస్టరుగారు వచ్చాడు. తలుపు బయటే వానలో నిలబడి పాట చివరిదాకా విన్నాడు. గొడుగు తెరవడం మర్చిపోయాడు. పాట అయ్యాక తలుపు తట్టాడు.

"అమ్మగారూ, ఒకటే అడగడానికొచ్చాను. ప్రతిష్ఠ నాడు పిల్లల పాట మొదట పెట్టమంటారా, చివర పెట్టమంటారా?"

ఆవిడ చెయ్యి కదిలించింది. ఆయన నా వంక చూశాడు.

"ముందు తల తుడుచుకోమంటోంది" అన్నాను. "చివర పెట్టమంటోంది."

*

ప్రతిష్ఠ రోజున వాన తెరిపిచ్చింది. కొత్త బెంచీల మీద జనం కిటకిటలాడారు. గోడల సున్నం వాసన, మా చెక్క వాసన. పక్క సంఘాలవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు మా ఆవిడ సంగతి తెలియదు. కర్ర పట్టుకుని కాలీడ్చుకుంటూ పిల్లల ముందుకు వెళ్తున్న మనిషిని చూసి, ఈవిడెందుకు వెళ్తోంది అన్నట్టు మెడలు సాచారు. మధ్య దారి నాకు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. సాయానికి లేవబోయాను. ఆవిడ వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి కిందికి చూపించింది. కూర్చున్నాను.

కర్రను పళ్లూడిన పిల్లకు ఇచ్చింది. చెయ్యెత్తింది. "లా" అంది.

పిల్లలు పాడారు. ఒక దగ్గర తడబడి పరిగెత్తబోయారు. అరచెయ్యి కిందికి అదిమింది, గుర్రాలు ఆగినట్టు ఆగారు. చరణం దగ్గర అరచెయ్యి వెల్లకిలా పైకి తీసింది. ఇంకా పైకి. ఆ గొంతులు కప్పుకు తగిలి మా మీద పడ్డాయి. మా వరసలో ఆ చేతిలోని ప్రతి మాటా అర్థమైంది. మిగతావాళ్లకు పాట అర్థమైంది. పొట్టు పడ్డట్టు అందరం కళ్లు నలుపుకున్నాం.

పాట అయిపోయింది. పాస్టరుగారు లేచి, "ముగింపు ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఎవరిని పిలుద్దామా అన్నట్టు పక్క సంఘాల పెద్దల వైపు తిరిగాడు. పండగల్లో పిల్లల పాట తరవాత ప్రార్థన ఎప్పుడూ మా ఆవిడే చేసేది. ఆయన కొత్త కదా, ఆ సంగతి తెలియదు.

ఆవిడ తన చోటికి రాలేదు. అక్కడే నిలబడి కళ్లు మూసుకుంది.

"లా" అంది. "లా లా లా."

పాట కాదు అది. ప్రార్థన. ఆవిడ ఎలా చేసేదో అలాగే చేసింది. మొదట కృతజ్ఞత చెప్పేటప్పటి మెత్తదనం ఉంది. తరవాత పిల్లల తలల మీదుగా చెయ్యి తిప్పుతూ ఒక్కొక్కరినీ అప్పగించింది. రోగుల దగ్గర గొంతు తగ్గింది. ఎక్కడో తగాదా పెట్టుకున్నట్టు గట్టిగా అడిగింది. ఎక్కడో బతిమాలింది. పక్క సంఘాలవాళ్లు కళ్లు తెరిచి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. ఒకడెవడో దగ్గాడు.

వెళ్లి పక్కన నిలబడి ఆవిడ బదులు చెప్పేద్దామనుకుని సగం లేచాను. బావ నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో బావా" అన్నాడు. తనకు మెల్లగా అనిపించిందేమో గానీ మందిరమంతా వినపడింది. "అది నీతో మాట్లాడటం లేదు."

ఆవిడ ఆపలేదు. అలా చాలాసేపు సాగింది. దగ్గినవాడు మళ్లీ దగ్గలేదు. తెరిచిన కళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నేనూ మూసుకున్నాను.

గొంతు ఆగింది. అప్పుడు ముందు వరసలోంచి, అందరికన్నా ముందు, ఆ పెద్దమ్మ గొంతు లేచింది.

"ఆమెన్!"

వెనక నుంచి మా వరస అందుకుంది. పిల్లలు అందుకున్నారు. పక్క సంఘాలవాళ్లు, గుమ్మంలో నిలబడ్డవాళ్లు, బయట చెప్పుల దగ్గర ఉన్నవాళ్లు కూడా అన్నారు. రంపం పక్కన బతికినవాణ్ని నేను. అంత మోత ఎప్పుడూ వినలేదు.

మా ఆవిడ కళ్లు తెరిచి చుట్టూ చూసింది. ఇంకా నోళ్లు తెరుచుకుని తనవంకే చూస్తున్న పిల్లలను "లా!" అని ఒక్క గదమాయింపు గదమాయించి, నోరు మూసుకుని వరసగా వెళ్లి కూర్చోమని చెయ్యి చూపించింది. వెళ్లి కూర్చున్నారు.